పాత హార్వెస్టర్: తిరిగి అమ్మితే వచ్చే ధర చూడాలా, సీజన్లో ఆగకుండా నడవడం చూడాలా?

ధర్మాబాద్, కుండల్‌వాడి, బిలోలీ, దెగ్లూరు వైపు సెకండ్‌హ్యాండ్ హార్వెస్టర్ బేరం ఎక్కడ జరిగినా రెండు మాటలు వినపడతాయి. అమ్మేవాడు "ఈ కంపెనీ బండికి రీసేల్ పక్కా, ఎప్పుడు తీసినా రేటు వస్తది" అంటాడు. కొనేవాడి వెంట వచ్చిన డ్రైవర్ అతన్ని పక్కకు పిలిచి "రేటు సంగతి తర్వాత పటేలా, అక్టోబర్ల పొలంల నిలబడిపోతే ఏం చేద్దాం?" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఎవరి మాట ఎంతవరకు వినాలో తేలాలంటే ముందు రెండు సంగతులు మీకు మీరే తేల్చుకోవాలి: ఆ మిషన్‌ని ఎన్నేళ్లు పెట్టుకుంటారు, ఏ నేలలో తిప్పుతారు. మూడేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉన్నవాడికి రీసేల్‌లోనే సగం లాభం ఉంటుంది. తుక్కు అయ్యేదాకా నడిపేవాడు రీసేల్ పేరు చెప్పి ముందుగా కట్టే డబ్బు మాత్రం దండగే.

ఈ మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో ఇంకో చిక్కు ఉంది. మంజీర నదికి ఇవతల, మహారాష్ట్ర వైపు, నల్లరేగడి. వానాకాలం సోయా, యాసంగిలో శనగ, కొంత గోధుమ. సాలూర వంతెన దాటి బోధన్, వర్ని, రుద్రూర్ పోతే నిజాంసాగర్ నీళ్ల కింద వరి. మిషన్ ఉన్నవాడు అక్టోబరులో ఇవతల సోయా కోసి అవతల వరికి పోతాడు, ఫిబ్రవరి మార్చిలో శనగ, గోధుమ చూసుకుంటాడు, ఏప్రిల్, మే వస్తే మళ్లీ యాసంగి వరికి వంతెన దాటుతాడు. చెప్పుకోవడానికి నాలుగు సీజన్లు. కానీ అక్టోబరు దగ్గరే లెక్క ఇరుకున పడుతుంది. బోధన్, వర్ని వైపు వరి ముందే నాటుతారు, ముందే కోతకు వస్తుంది. అప్పటికే ఇటు సోయా ఎండి నిలబడి ఉంటుంది. ఎండిన సోయాను వదిలేస్తే కాయ పగిలి గింజ నేల పాలవుతుంది. రెండు వైపుల నుంచీ ఒకేసారి ఫోన్లు. ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ కొద్ది వారాల్లోనే రావాలి. అందుకే ఇక్కడ మిషన్ ఆగిపోవడం అంటే ఆ రోజు కూలి పోవడంతో తీరదు. పొలం గట్టు మీద రోజంతా ఎదురుచూసిన రైతు వచ్చే ఏడు ఇంకొకరికి ఫోన్ చేస్తాడు.

టైర్ మిషనా, చైన్ మిషనా

టైర్ మిషన్లలో మనకు ఎక్కువగా దొరికేవి పంజాబ్‌వి. భాడ్సన్‌లో తయారయ్యే కర్తార్ 4000, నాభా నుంచి వచ్చే ప్రీత్ 987, మలేర్‌కోట్లా దశ్‌మేశ్ 9100, బర్నాలా స్టాండర్డ్. వీటి సరసన పెద్ద కంపెనీల టైర్ మిషన్లూ ఉన్నాయి: మహీంద్రా చేతిలో ఉన్న స్వరాజ్ 8100, జాన్ డీర్ డబ్ల్యూ70, న్యూ హాలండ్ టీసీ 5.30. ఎక్కువ వాటికి కట్టర్‌బార్, అంటే ముందు పంటను కోసే భాగం, 14 అడుగులు, ఇంజిన్ 100 హెచ్‌పీకి అటూ ఇటూ. చైన్ మిషన్లలో, అంటే చక్రాలకు బదులు రబ్బరు ట్రాకు మీద నడిచేవాటిలో, కుబోటా డీసీ 68, క్లాస్ క్రాప్ టైగర్, యన్మార్. కట్టర్‌బార్ ఏడడుగుల దగ్గర ఉంటుంది, ఇంజిన్ 60, 70 హెచ్‌పీ.

తడి ఆరని వరి మడిలో టైర్ మిషన్ కూరుకుపోతుంది. నల్లరేగడిలో ఒక్క వాన పడితే సోయాలో కూడా అంతే, రెండు మూడు రోజులు గట్టున నిలబడాల్సిందే. చైన్ మిషన్ బరువు రబ్బరు ట్రాకు అంతటా పరుచుకుంటుంది కాబట్టి ఆ తడిలోనూ దిగుతుంది, అందుకే గంటకు రేటు కూడా ఎక్కువ పలుకుతుంది. దానికి ఖరీదు ఇంకో చోట ఉంది. చైన్ మిషన్ తారు రోడ్డు మీద నడవదు, నడిపితే ట్రాకు అరిగిపోతుంది. ఊరు మారిన ప్రతిసారీ లారీ ఎక్కించాలి, దించాలి. దెగ్లూరు నుంచి మద్నూర్ పోవాలన్నా లారీ కిరాయే. టైర్ మిషన్‌కి కట్టర్‌బార్ విప్పి ట్రాలీ మీద పెట్టి వెనక తగిలించుకుంటే చాలు, దాని చక్రాల మీద అదే పోతుంది. సోయా పొలాలు దూరదూరంగా ఉండే మన వైపు ఇది చిన్న తేడా కాదు.

గడ్డి సంగతి కూడా చాలామంది మర్చిపోతారు. చైన్ మిషన్లో పంట మొత్తం గింజ రాల్చే డ్రమ్ము వెంట తిరిగి వస్తుంది కాబట్టి గడ్డి నలిగి ముక్కలవుతుంది. గడ్డిని దులిపి వెనక్కి తోసే వాకర్లు ఉన్న టైర్ మిషన్లో గడ్డి పొడుగ్గా వరుసగా పడుతుంది, తర్వాత బేలర్ పెట్టి కట్టలు కట్టుకోవచ్చు. బర్రెలు ఉన్న రైతు "టైర్ మిషన్ అయితేనే తీసుకురా" అనడానికి కారణం ఇదే.

ట్రాక్టర్ మీద బిగించే కంబైన్ హార్వెస్టర్ చవక. కానీ బిగించాక ఆ ట్రాక్టర్ ఏడాదంతా దానికే అంకితం, విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. తిరిగి అమ్మేటప్పుడు రెండూ కలిపి కొనేవాడు దొరకడు, విడగొడితే కంబైన్‌కి రేటు రాదు. సొంత పొలం వరకే కోసుకుంటే సరే, అద్దెకు తిప్పడానికి నేనైతే చెప్పను. తక్కువ ధరకు వచ్చే దిగుమతి చైన్ మిషన్లదీ అదే తీరు. పార్టులు తెప్పించే వ్యాపారి ఒక్కడే ఉంటాడు, అతను దుకాణం మూస్తే మిషన్ కూడా మూతే.

రీసేల్ ధరను లెక్కగట్టే పద్ధతి

ఫలానా కంపెనీకి రీసేల్ బాగుంటుందని అందరూ అంటారు, ఎంత బాగుంటుందో మాత్రం ఎవరూ అంకెలో చెప్పరు. దాన్ని తెలుసుకోవడం తేలికే. మీరు మూడేళ్ల పాతది కొని మూడేళ్లు నడపాలనుకుంటే, అదే మోడల్లో ఆరేళ్ల పాతది ఈరోజు ఎంతకు పోతోందో కనుక్కోండి. ఆ రెండు ధరల తేడాయే మూడేళ్లకు మీకు పడే తరుగు. ఇక్కడ ఒక మెళకువ ఉంది: ఆరేళ్లదాని ధర అడిగేటప్పుడు కొనేవాడిలా అడగొద్దు. "నా దగ్గర ఒక మిషన్ ఉంది, తీసుకుంటారా?" అని అమ్మేవాడిలా అడగండి. పాత మిషన్ల వ్యాపారి అమ్మే రేటు వేరు, కొనే రేటు వేరు. రేపు మీ చేతికొచ్చేది రెండోదే. నిజామాబాద్‌లో ఒకరిని, నాందేడ్‌లో ఒకరిని అడిగితే సంగతి తేలిపోతుంది.

రీసేల్‌ని కంపెనీ పేరు ఒక్కటే నిలబెట్టదు. మన వైపు కొనేవాడు మొదట అడిగేది "పార్టులు ఎక్కడ దొరుకుతయ్?", రెండోది "దీన్ని నడిపే పోరగాడు దొరుకుతడా?" ఈ రెంటికీ జవాబు ఉన్న మిషన్ రంగు వెలిసినా అమ్ముడుపోతుంది. పంజాబ్ టైర్ మిషన్లకు ఇక్కడే బలం. చాలావాటిలో అశోక్ లేలాండ్ ఇంజిన్ ఉంటుంది, లారీలు బాగుచేసే మెకానిక్ ఎవరైనా విప్పగలడు. బేరింగులు, బెల్టులు చాలావరకు బజారు సైజులే, 6206 బేరింగ్ కోసం కంపెనీ దాకా పోనక్కర్లేదు. జపాన్ రకం చైన్ మిషన్లో హైడ్రోస్టాటిక్ పంపు (నూనె ఒత్తిడితో మిషన్‌ని కదిలించేది), ట్రాకు, సెన్సార్ల వంటివి కంపెనీ నుంచే రావాలి. వస్తే బాగా పనిచేస్తాయి, ఎప్పుడు వస్తాయన్నదే ప్రశ్న.

కంపెనీ చేతులు మారిన సంగతీ కనిపెట్టి ఉండాలి. క్లాస్ భారత వ్యాపారాన్ని కొంటున్నట్టు యన్మార్ 2024లో ప్రకటించింది. క్రాప్ టైగర్ మంచి మిషనే, దేశంలో చాలా తిరుగుతున్నాయి కాబట్టి పార్టులు రాత్రికి రాత్రే మాయం కావు. అయినా పాత మోడల్ కొనేముందు మీకు దగ్గరున్న డీలర్‌కి ఫోన్ చేసి మూడు వస్తువుల పేర్లు చెప్పి ధర, వచ్చే రోజు అడగండి: ట్రాకు జత, హైడ్రోస్టాటిక్ పంపు, కోసిన పంటను డ్రమ్ముకు అందించే ఫీడర్ చైన్. మూడింటికీ వెంటనే జవాబు చెప్పిన డీలర్ ఉన్న కంపెనీదే కొనండి. ఏ కంపెనీకైనా ఇదే పరీక్ష.

కొత్త మిషన్ ధర పాత మిషన్ ధరను లాగుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కోత యంత్రాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 20 లక్షలున్న మిషన్ అంతకుముందు 22 లక్షల 40 వేలు పడేది, ఇప్పుడు 21 లక్షలు. లక్షా నలభై వేల తేడా. అంతకుముందు కొన్నవాళ్లు ఇప్పటికీ తమ పాత బిల్లు చూపించి అందులోంచి తరుగు తీసి ధర చెప్తున్నారు. పాత బిల్లుతో మీకు పని లేదు. ఈరోజు కొత్తది ఎంతో అక్కణ్నుంచి లెక్క మొదలుపెట్టండి.

దీనికి ఎదురు లాగేది ఇంకొకటి ఉంది. 50 హెచ్‌పీ దాటిన వ్యవసాయ ఇంజిన్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 కాలుష్య నిబంధన వచ్చింది. దాంతో ఇంజిన్లలోకి కామన్ రైల్ పంపు, సెన్సార్లు, కంప్యూటర్ వచ్చాయి. పొగ తక్కువ, పని బాగానే ఉంటుంది. కానీ సెన్సార్ పాడైతే రెంచి, స్పానర్‌తో అయ్యే పని కాదు, ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి రావాలి. అందుకే మన మెకానిక్కులు 2022 వరకు తీసిన ఇంజిన్ల వైపే మొగ్గు చూపుతారు. బాగా నడిచిన పాత ఇంజిన్ మిషన్లకు మరికొన్నేళ్లు గిరాకీ తగ్గదని నా అంచనా.

మూడేళ్ల లెక్క

మాటలతో తేలని చోట అంకెలు వేసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి అనుకున్న అంకెలు, మీ బేరంలో వచ్చినవి పెట్టి మళ్లీ వేసుకోండి.

ఒకటి, మూడేళ్ల పాత చైన్ మిషన్. 16 లక్షలకు కొని మూడేళ్ల తర్వాత 9 లక్షలకు అమ్మారు. తరుగు 7 లక్షలు. రిపేర్లు ఏడాదికి 80 వేలు, మూడేళ్లకు 2 లక్షల 40 వేలు. పెట్టుబడి మీద 12 శాతం వడ్డీ మూడేళ్లకు 5 లక్షల 76 వేలు. సీజన్లో ఏడాదికి రెండు రోజులు ఆగింది. డీజిల్, డ్రైవర్ పోను రోజుకు 12 వేలు మిగులుతుందనుకుంటే ఆరు రోజులకు 72 వేలు పోయింది. మొత్తం 15 లక్షల 88 వేలు.

రెండు, పదేళ్ల పాత పంజాబ్ టైర్ మిషన్. 8 లక్షలకు కొని 6 లక్షలకు అమ్మారు. పదేళ్లు దాటిన మిషన్ ధర ఇక మెల్లగానే దిగుతుంది. తరుగు 2 లక్షలు. రిపేర్లు ఏడాదికి లక్షా 20 వేలు, మూడేళ్లకు 3 లక్షల 60 వేలు. వడ్డీ 2 లక్షల 88 వేలు. ఏడాదికి ఎనిమిది రోజులు ఆగింది, మూడేళ్లకు ఇరవై నాలుగు రోజులు, 2 లక్షల 88 వేలు. మొత్తం 11 లక్షల 36 వేలు.

తేడా 4 లక్షల 52 వేలు. రోజుకు 12 వేల చొప్పున అది దాదాపు 38 రోజుల పని, అంటే ఏడాదికి పన్నెండు, పదమూడు రోజులు. తడి మళ్ల పుణ్యమా అని చైన్ మిషన్‌కి ఏడాదికి అంతకన్నా ఎక్కువ రోజులు అదనంగా పని దొరుకుతుందా? దొరికితే చైనే కొనండి. వర్ని, కోటగిరి కాలువ కింద వరికే తిరిగేవాడికి దొరకొచ్చు. దెగ్లూరు చుట్టుపక్కల సోయా, శనగ కోసేవాడికి దొరకడం కష్టం, పైగా లారీ కిరాయి ఈ లెక్కలో కలపనే లేదు.

ఆ రెండు లెక్కల్లో డబ్బు ఎక్కడ పోతోందో మళ్లీ చూడండి. చైన్ మిషన్లో తరుగు, వడ్డీ కలిపి 12 లక్షల 76 వేలు, ఆగినందుకు పోయింది 72 వేలే. టైర్ మిషన్లో రిపేర్లు, ఆగిన రోజులు కలిపి 6 లక్షల 48 వేలు, తరుగు రెండు లక్షలే. కాబట్టి చైన్ మిషన్ కొనేటప్పుడు ధర దగ్గర కొట్లాడాలి, టైర్ మిషన్ కొనేటప్పుడు బేరింగుల దగ్గర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కొత్తగా మెరుస్తున్న చైన్ మిషన్ కింద దూరి గంటసేపు వెతుకుతారు, ఎనిమిది లక్షల టైర్ మిషన్‌కి పదివేలు తగ్గించుకుని సంబరపడతారు.

మిషన్ దగ్గర ఏం చూడాలి

ముందుగా, ఎప్పుడు చూడాలి. జూన్, జులైలో ధర తగ్గుతుంది, ఎందుకంటే అమ్మేవాడికి విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావాలి. కానీ అప్పుడు పొలంలో పంట ఉండదు, లోడు మీద మిషన్ ఎలా నడుస్తుందో చూసే దారి లేదు. అక్టోబరు ముందర కొంటే ధర కొండెక్కి ఉంటుంది. నాకు నచ్చిన పద్ధతి ఇది: ఏప్రిల్ చివర, మేలో యాసంగి వరి కోస్తున్నప్పుడే నాలుగైదు మిషన్లను పనిలో చూసి పెట్టుకోండి. ఎవరి పొలంలో ఎవరి మిషన్ నడుస్తోందో ఊళ్లో అందరికీ తెలుసు. బేరం మాత్రం జూన్‌లో మొదలుపెట్టండి.

పనిలో చూసేటప్పుడు ఓనర్‌తో కన్నా డ్రైవర్‌తో ఎక్కువ మాట్లాడండి. ఒక టీ తాగించి "ఈ ఏడు ఏమేం మార్చినవ్ అన్నా?" అని అడిగితే ఓనర్ చెప్పని సంగతులు బయటికొస్తాయి.

గంటల మీటరును పూర్తిగా నమ్మొద్దు. పాత టైర్ మిషన్లలో అది పని చేయకపోవడం మామూలే. క్లచ్ పెడల్ రబ్బరు, సీటు, స్టీరింగ్ ఆట, డ్రైవర్ ఎక్కే మెట్టు అరుగుదల చూస్తే మిషన్ వయసు తెలుస్తుంది. ఎక్కడ తిరిగిందన్నదీ ముఖ్యం. ఒక జిల్లాలో రెండు సీజన్లు తిరిగిన మిషన్, దక్షిణాదిలో వరి కోసుకుని ఉత్తరాదిలో గోధుమల దాకా పోయిన మిషన్ ఒకే ఏడాదివైనా ఒకటి కావు. వరి గడ్డిలో సిలికా ఉంటుంది, అది ఇనుమును తినేస్తుంది. వరికే తిరిగిన మిషన్లో డ్రమ్ము పళ్లు, డ్రమ్ము కింద ఉండే కాన్కేవ్ జాలీ, ఎలివేటర్ అడుగు రేకు పలచబడి ఉంటాయి. టార్చి వేసి లోపల చెయ్యి పెట్టి చూడాలి. సోయాకు కిందికంటా కోస్తారు కాబట్టి మట్టి, రాళ్లు లోపలికి పోతాయి. అలా తిరిగిన మిషన్లో బ్లేడ్లు, వాటి గార్డులు, జల్లెడలు ముందు చెప్పేస్తాయి.

ఇంజిన్‌ని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మీరే స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే వేడెక్కి నడుస్తూ ఉంటే ఆ రోజు వెనక్కి వచ్చేయండి. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, అక్కణ్నుంచి పొగ బుసబుసా వస్తే పిస్టన్ రింగులు అయిపోయాయన్నమాట. రేడియేటర్ నీళ్ల మీద నూనె తేలుతుంటే ఇంకేం చూడనక్కర్లేదు, వదిలేయండి.

చైన్ మిషన్లో ప్రాణం హైడ్రోస్టాటిక్‌లో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అరిగిపోయిన పంపు కూడా బాగానే లాగుతుంది. గంటసేపు పంటలో నడిపి, నూనె కాగాక, గట్టు ఎక్కించి చూడాలి. ఎక్కేటప్పుడు నీరసించినా, నిలబెట్టినచోట మెల్లగా జారినా పంపు పని అయిపోవచ్చిందని లెక్క. ట్రాకు రబ్బరు పగుళ్ల మధ్య ఇనుప తీగ బయటపడితే ధరలోంచి కొత్త ట్రాకు జత డబ్బు తీసేసి మాట్లాడండి. కింద రోలర్లు ఒక్కొక్కటి చేత్తో తిప్పండి. బిగిసిపోయిన ఒక్క రోలర్ కొత్త ట్రాకును కూడా తినేస్తుంది.

టైర్ మిషన్లో ముందు యాక్సిల్ చుట్టూ, కట్టర్‌బార్ తగిలించే చోట ఛాసీ మీద వెల్డింగ్ గీతలు వెతకండి. పాతవాటికి ఒకటి రెండు అతుకులు తప్పవు. అతుకు మీద అతుకు ఉంటే మాత్రం వదిలేయండి. కొత్త రంగు వేసిన మిషన్ అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే, ఆ రంగు కింద ఏ అతుకు ఉందో గోరుతో గీకితే గానీ తెలియదు. మిషన్‌ని ఖాళీగా పూర్తి వేగంలో పది నిమిషాలు తిప్పి, ఆపి, బేరింగ్ హౌసింగుల మీద వరుసగా చెయ్యి పెట్టండి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నవి లెక్కపెట్టుకోండి. వాకర్ల బుష్‌లు, గింజ ఎలివేటర్ చైన్, ట్యాంకు అడుగు తుప్పు చూడండి. షెడ్డులో నిలబెట్టిన మిషన్లో ఎలుకలు వైరింగ్ కొరికాయేమో అదీ చూసుకోండి.

రెండు వైపులా తిప్పాలనుకునేవాళ్లు డ్రమ్ము వేగం ఎంతవరకు తగ్గుతుందో తప్పక చూడాలి. వరికి కావాల్సిన వేగంలోనే సోయా పెడితే గింజ పప్పుగా చీలిపోతుంది. వేగం తగ్గాలి, కాన్కేవ్ సందు పెరగాలి. పళ్ల డ్రమ్ము, కడ్డీల డ్రమ్ము రెండూ ఇస్తానంటే ఆ రెండోది కళ్లతో చూసి బేరంలో కలపండి, తర్వాత పంపిస్తానన్న డ్రమ్ము రాదు. సోయా కోస్తున్న మిషన్ దొరికితే ట్యాంకులోంచి గుప్పెడు గింజ తీసి చీలినవి ఏరండి, వెనక పడ్డ పొట్టులో ఎంత గింజ పోతోందో చూడండి. విత్తనానికి పెట్టుకునే సోయా రైతులు మిషన్‌తో కోయించరు, మొలక దెబ్బతింటుందని. కాబట్టి ఊళ్లో ఉన్న సోయా అంతా మీకే వస్తుందని లెక్క వేసుకోవద్దు. శనగలో మాత్రం పని పెరిగే అవకాశం ఉంది. రాహురి విశ్వవిద్యాలయం వాళ్ల ఫులే విక్రమ్, నంద్యాల నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 లాంటి రకాలు నిటారుగా పెరుగుతాయి, కాయ పైన ఉంటుంది, మిషన్‌కి అందుతుంది. పడిపోయే పాత రకాలకు మిషన్ పెడితే సగం శనగ నేల మీదే.

కాగితాలు, వంతెన

రీసేల్ ధరలో కాగితాల వాటా ఎంతో అమ్మే రోజు వచ్చేదాకా ఎవరికీ తట్టదు. నాందేడ్ జిల్లా బండి ఎంహెచ్ 26, నిజామాబాద్‌ది టీఎస్ 16, 2024 మార్చి తర్వాత రిజిస్టర్ అయితే టీజీ 16. వంతెన అవతలిది కొని ఇవతల పెట్టుకుంటే అక్కడి ఆర్టీఓ దగ్గర ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయాలి, పేరు మార్పుకు ఫారం 29, 30 ఇవ్వాలి, ఫైనాన్స్ ఉండి తీరిపోతే ఫారం 35 కావాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. సీజనుకు పోయి వచ్చే మిషన్‌కి ఈ బాధ లేదు, ఇక్కడే నిలబడేదానికి ఉంది.

కాబట్టి కొనే రోజే ఆలోచించండి: మూడేళ్ల తర్వాత దీన్ని ఎవరు కొంటారు? చైన్ మిషన్‌కి వరి వైపే గిరాకీ, అవతలి నంబరు ఉంటేనే మంచిది. సోయా, శనగకు తిరిగే టైర్ మిషన్‌ని ఇటువైపు వాళ్లే అడుగుతారు, ఎంహెచ్ నంబరు నయం. నంబరు కొనేవాడి రాష్ట్రానిది కాకపోతే అతను ఎన్‌ఓసీ ఖర్చు, తిరుగుడు రెండూ మీ ధరలోంచే తీస్తాడు. అసలు రిజిస్ట్రేషనే లేకుండా తిరుగుతున్న మిషన్లూ ఉన్నాయి. అవి చవకగా వస్తాయి, చవకగానే పోతాయి. దారిలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా ఉండదు.

ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందో లేదో కనిపిస్తుంది. "అప్పు తీరిపోయింది, కాగితం రావాలంతే" అన్న మాటకు విలువ లేదు. సబ్సిడీ మీద తీసిన మిషన్ అయితే కొన్నేళ్లు అమ్మకూడదన్న షరతు ఉండొచ్చు. మంజూరు కాగితం తెప్పించి చదివాకే ముందుకు పోండి.

ఎవరికి ఏది

కొత్తగా ఈ పనిలోకి దిగేవాడు, వరికే తిప్పేవాడు, రెండు మూడేళ్లలో బయటపడే దారి ఉంచుకోవాలనుకునేవాడు పార్టులు దొరికే కంపెనీ చైన్ మిషన్ తీసుకోవాలి, మూడు నాలుగేళ్లకు మించని పాతది. రీసేల్ కోసం కట్టే అదనపు డబ్బు అతనికి తిరిగి వస్తుంది. పని రాకపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా నెలలో అమ్ముకోగలడు.

సోయా, శనగ ఎక్కువ, ఇంట్లోనే డ్రైవరో మెకానిక్కో ఉన్నాడు, ఆరేడేళ్లు అమ్మే ఆలోచన లేదు అనుకునేవాడికి ఎనిమిది, పదేళ్ల పంజాబ్ టైర్ మిషన్ చాలు. కర్తారా, ప్రీతా, దశ్‌మేశా అన్న చర్చకు నేను పెద్ద విలువ ఇవ్వను. ఆ మూడింటిలో మీ ఊరికి ముప్పై కిలోమీటర్లలో ఏవి ఎక్కువ తిరుగుతుంటే అదే తీసుకోండి, ఆదివారం రాత్రి ఫీడర్ చైన్ తెగితే పక్కూరి మిషన్ నుంచి అడిగి తెచ్చుకోవచ్చు. మిగిలిన డబ్బులో లక్షన్నర పక్కన పెట్టి, సీజన్ మొదలవక ముందే బెల్టులన్నీ, వేడెక్కిన బేరింగులన్నీ మార్చేయండి. ఆగే ఎనిమిది రోజుల్ని నాలుగుకు దించేది ఆ లక్షన్నరే.

మధ్యలో ఉన్నవాళ్లకే కష్టం: సోయా ఉంది, వరీ ఉంది, అయిదేళ్లు నడపాలని ఉంది. వాళ్లు పెద్ద కంపెనీ టైర్ మిషన్ వైపు చూడొచ్చు, అయిదారేళ్ల పాతది, 2022 లోపుది. ధర పంజాబ్ వాటికన్నా ఎక్కువే పడుతుంది. డీలర్ నిజామాబాద్‌లోనో నాందేడ్‌లోనో ఉండి పార్టులు అప్పటికప్పుడు ఇస్తేనే ఆ ఎక్కువకు అర్థం ఉంది. లేదంటే పంజాబ్ మిషన్‌తో సోయా కోసుకుంటూ తడి వరిని చైన్ మిషన్ వాళ్లకు వదిలేయడమే మేలు.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. బయానా ఇచ్చి, మిషన్ తెచ్చుకున్న రోజు పెద్ద భాగం ఇచ్చి, లక్షో లక్షన్నరో ఎన్‌ఓసీ, ఫైనాన్స్ కాగితం చేతికొచ్చాక ఇస్తామని స్టాంపు పేపర్ మీద రాసుకోండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే కాగితాల్లో ఏదో ఉందని అనుకోవచ్చు.